బావిగట్టు వైద్యం

గుత్తి నుంచి పత్తికొండ రోడ్డు పట్టుకుని పోతే సుమారు 13 కిలోమీటర్ల దగ్గర ఎర్రగుడి వస్తుంది. అప్పటికే అనంతపురం జిల్లా హద్దు దాటి, కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో అడుగుపెట్టినట్టు. జిల్లా మారినా నేల మారదు. అదే ఎర్ర గరుసు నేల, అవే బోడిగుట్టలు, అదే కంప. తొలకరి వాన నాలుగు చినుకులు పడితే చాలు, ఈ చుట్టుపక్కల జొన్నగిరి, పగిడిరాయి, తుగ్గలి చేలల్లోకి వజ్రాల కోసం ఎక్కడెక్కడి జనమో వచ్చి, వంగి నేలను వెతుకుతుంటారు. ఎర్రగుడి గుట్ట దగ్గర ఆగేవాళ్లు మాత్రం తక్కువ. ఆ గుట్ట బండల మీద అశోకుడు చెక్కించిన 14 ప్రధాన శిలాశాసనాలున్నాయి. 1920ల చివరిలో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త కంటబడేదాకా పండితలోకానికి వాటి ఉనికే తెలియదు.

ఆ 14 శాసనాల్లో రెండోది వైద్యం గురించి. దక్షిణ భారతంలో ఇప్పటిదాకా దొరికిన అశోకుని శాసనాల్లో ఈ వైద్యశాసనం కనిపించేది ఒక్క ఎర్రగుడిలోనే. రాయదుర్గం అవతల బ్రహ్మగిరి, సిద్ధాపురాల్లో ఉన్నవీ, బళ్లారి వైపు నిట్టూరు, ఉదెగోళంలో ఉన్నవీ, పత్తికొండ దగ్గర రాజులమందగిరిలో ఉన్నదీ అన్నీ చిన్న శాసనాలే. వాటిలో వైద్యం ఊసు లేదు. అందువల్ల ప్రాచీన ప్రపంచంలో వైద్యం ఎలా ఉండేదని అనంతపురం మెట్టప్రాంతంలో ఎవరైనా అడిగితే, చెయ్యి పట్టుకుని తీసుకుపోయి చూపించదగ్గ చోటు కూతవేటు దూరంలోనే ఉంది.

బండ మీద ఏముంది? తన ఏలుబడిలోని అన్నిచోట్లా, సరిహద్దు అవతల చోళ, పాండ్య, సత్యపుత్ర, కేరళపుత్ర దేశాల్లో, సింహళంలో, యవనరాజు అంతియోకుని దగ్గర, ఆయన ఇరుగుపొరుగు రాజుల దగ్గర కూడా రెండు రకాల చికిత్స ఏర్పాటైందని రాజు చెప్పుకున్నాడు. ఒకటి మనుషులకు, రెండోది పశువులకు. మనిషికీ పశువుకూ పనికొచ్చే మందుమొక్కలు లేనిచోట్లకు వాటిని తెప్పించి నాటించారు. వేర్లు, దుంపలు, పండ్లు కూడా అలాగే. దారుల వెంట బావులు తవ్వించారు, చెట్లు పెట్టించారు. మనుషుల కోసం, పశువుల కోసం. అంతియోకుడంటే సిరియా ప్రాంతాన్ని ఏలిన గ్రీకు రాజు. మధ్యధరా సముద్రం దాకా చూసిన ఆ చూపే గుత్తి పక్క గుట్ట మీద కూడా నిలిచింది. ఇది క్రీ.పూ. 3వ శతాబ్ది నడిమి కాలపు మాట.

అశోకుడు ఆసుపత్రులు కట్టించాడని బడిపుస్తకాలు ఒక్క ముక్కలో తేల్చేస్తాయి. బండ మీద భవనం మాట లేదు. చికిత్స, మొక్క, బావి, చెట్టు, పశువు ఉన్నాయి. ఈ తేడాను చిన్నదిగా తీసుకోకూడదు. ఆసుపత్రి కట్టడం రోగం వచ్చిన తర్వాతి పని. మందుమొక్క నాటడం, బావి తవ్వడం రోగం రాకముందే మొదలయ్యే పని. వానలు సరిగా పడని నేల మీద ఈ రెండో పనికే ఎక్కువ విలువ ఉందని ఇక్కడి చరిత్ర మళ్లీ మళ్లీ రుజువు చేసింది. ఈ ప్రసంగమంతా ఆ రుజువుల గురించే.

ముందు పశువుల సంగతి. మనిషి పక్కనే పశువుకు చోటివ్వడం ఈ నేలకు అశోకుడు నేర్పిన పద్ధతి కాదు. కళ్యాణదుర్గం వైపు పాలవాయి దగ్గర ఒక బూడిదదిబ్బ ఉంది. అశోకుడికి వెయ్యేళ్లకు పైగా ముందు, కొత్త రాతియుగపు పశుపాలకులు మందల్ని దొడ్లలో కట్టి, పేరుకున్న పేడను పదే పదే కాల్చగా ఏర్పడిన దిబ్బ అది. పాలమూరు జిల్లా ఉట్నూరులో 1957లో ఇలాంటి దిబ్బనే ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త తవ్వించినప్పుడు బూడిద పొరల మధ్య ఆవుల గిట్టల అచ్చులు అలాగే బయటపడ్డాయి. పంట చేతికి రాని ఏడు కూడా మందను నమ్ముకుని బతికిన సీమ ఇది. ఎద్దు కాలు కుంటితే ఇంటి సేద్యం కుంటుతుంది. గుర్రాల వైద్యానికి శాలిహోత్రుడు, ఏనుగుల వైద్యానికి పాలకాప్యుడు పేరున్న శాస్త్రకారులు. ఊరి ఎద్దుకు, గొర్రెకు వైద్యం చేసినవాళ్ల పేర్లు ఏ గ్రంథంలోనూ మిగల్లేదు. వాళ్ల పని మాత్రం మిగిలింది. పశువు కీలు వాచితే ఇనుపకడ్డీ కాల్చి వాత పెట్టే పద్ధతి మొన్నమొన్నటిదాకా ఊరూరా ఉండేది. సుశ్రుతుడు మనుషులకు చెప్పిన అగ్నికర్మ దీనికి దగ్గరి చుట్టమే.

అదే ఎర్రగుడిలో 9వ శాసనం ఇంకో సంగతి చెబుతుంది. ఒంట్లో బాగాలేనప్పుడు, పెళ్లిళ్లప్పుడు, బిడ్డలు పుట్టినప్పుడు, ప్రయాణాలకు బయల్దేరేటప్పుడు జనం రకరకాల తంతులు చేస్తారనీ, ఆడవాళ్లు మరీ ఎక్కువ చేస్తారనీ, వాటివల్ల దక్కే ఫలం స్వల్పమనీ రాజు అన్నాడు. చెయ్యవద్దని మాత్రం అనలేదు. ఆడవాళ్లను ప్రత్యేకంగా ఎత్తిచూపడం న్యాయంగా లేదు. పురిటి గండం, పసిబిడ్డల జ్వరం ఎదురుగా నిలబడి చూసేది వాళ్లే. చేతిలో ఇంకే సాధనమూ లేనివాళ్లకు ముడుపు కట్టడం ఒక్కటే మిగులుతుంది. ఈ రెండు శాసనాలనూ కలిపి చదివితే ఆనాటి రోగి బతుకు కళ్లకు కడుతుంది. ఒక చేతిలో వేరుముక్క, ఇంకో చేతిలో ముడుపు. ఈనాటికీ కసాపురం ఆంజనేయుడికీ, పెనుకొండ బాబయ్య దర్గాకూ మొక్కుకుని, మాత్రలు కూడా వేసుకునే ఇళ్లు ఈ ప్రాంతంలో ఎన్నో.

ఇప్పుడు నేల సంగతికి వద్దాం. ఏటా సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే అనంతపురాన్ని కరువు జిల్లా అనడం అందరికీ అలవాటు. ప్రాచీన వైద్యులు ఇలాంటి నేలను చూసిన చూపు వేరు. చరకసంహిత దేశాలను మూడుగా విడదీసింది: జాంగలం, ఆనూపం, సాధారణం. నీళ్లు నిలిచే చిత్తడి నేల ఆనూపం. జాంగలమంటే ఆకాశం విశాలంగా పరుచుకుని, చెట్లు పలచగా ఉండి, నేల గట్టిగా, రాళ్లతో ఇసుకతో నిండి, గాలి ఆగకుండా వీస్తూ, ఎండమావులు కనిపించే చోటు. చరకుడు అక్కడ పెరుగుతాయని చెప్పిన చెట్లలో చండ్ర, రేగు, తుమికి, జమ్మి, ఉసిరి, మర్రి, రావి ఉన్నాయి. తిరిగే పిట్టల్లో కౌజు, లావుక ఉన్నాయి. కదిరి నుంచి రాయదుర్గం దాకా నడిచిన ఎవరికైనా ఈ జాబితా తమ ఊరి పొలిమేరలాగే వినిపిస్తుంది.

అలాంటి దేశంలో మనుషులు బక్కపలచగా, గట్టిగా ఉంటారనీ, వాతపిత్తాలు ఎక్కువనీ చరకుడి లెక్క. అంతకన్నా ముఖ్యమైన మాట ఆ సంహితలోని విమానస్థానం అనే భాగంలో ఉంది. నీళ్లూ చెట్లూ తక్కువగా, గాలీ ఎండా ఎక్కువగా ఉండే ఈ దేశంలో రోగాలు కూడా బాగా తక్కువని అక్కడ చెప్పారు. మందుమొక్కలను సేకరించడానికి కూడా జాంగల, సాధారణ భూములే మంచివన్నారు. దాదాపు అదే ఆలోచన గ్రీసులో హిప్పోక్రటీసు పేరుతో ఉన్న గాలులు, నీళ్లు, చోట్లు అనే గ్రంథంలోనూ ఉంది. నిలవ నీళ్లు, చిత్తడి నీళ్లు తాగేవాళ్లకు ప్లీహం ఉబ్బి గట్టిపడుతుందని ఆయన రాశాడు. ఈనాడు మనం మలేరియా అంటున్న జబ్బు లక్షణమది. దోమ సంగతి తెలియకపోయినా, నీళ్లు నిలిచే చోట జబ్బు ఎక్కువని ఇద్దరూ పసిగట్టారు.

తెలుగునేల మీది ఆధారాలు కూడా దీనికి దగ్గరగానే ఉన్నాయి. కృష్ణ ఒడ్డున నాగార్జునకొండలో, ఇక్ష్వాకుల నాటి ఒక విహారం శిథిలాల్లో జ్వరాలయం అనే మాటను పరిశోధకులు చదివారు. కాకతి రుద్రమదేవి కాలంలో, 1261 నాటి మల్కాపురం శాసనంలో ప్రసూతిశాల, ఆరోగ్యశాల కనిపిస్తాయి. అదీ కృష్ణా తీరమే. కట్టిన వైద్యశాలలు నదీతీరంలో, మొక్క, బావి, చెట్టు గురించిన రాజశాసనం మెట్టసీమలో. రెండు మూడు ఆధారాలను పట్టుకుని సూత్రం కట్టకూడదు గాని, గమనించదగ్గ సంగతే.

మెట్టనేల మొక్కలకు మంచి మందుమొక్కలన్న పేరు ఊరికే రాలేదు. నేలవేము, తిప్పతీగ, పల్లేరు, ఉత్తరేణి, తంగేడు, అడ్డసరం ఇవన్నీ వాన లేకపోయినా మొండిగా బతికేవే. ఎండకూ, మేకల నోటికీ తట్టుకోవడానికి మొక్క తయారుచేసుకునే చేదు, వగరు రసాలే చాలాసార్లు మనిషికి మందవుతాయి. ఎండాకాలంలో రాయలసీమ వీధుల్లో తాగే నన్నారి షర్బత్తు కూడా రాతిసందుల్లో పెరిగే తీగ వేరు నుంచే వస్తుంది. ఏ భాగాన్ని ఎప్పుడు తియ్యాలో చరకుడు కాలం కూడా చెప్పాడు. ఆకులు వానాకాలంలో, వసంతంలో. వేర్లు ఎండాకాలంలోనో శిశిరంలోనో, ఆకు రాలిన తర్వాత. బెరడు, దుంప, పాలు శరత్తులో. చేవ హేమంతంలో. పువ్వూ కాయా వాటి వాటి రుతువుల్లో. ఆకు రాలినప్పుడు మొక్క సారమంతా వేరులో దాగుతుందని వాళ్లు అనుకుని ఉండాలి. ఈ వరసను పట్టించుకోకుండా ఏడాది పొడవునా వేర్లు పెకలించి అమ్మడం వల్లే నన్నారి లాంటి తీగలు అడవుల్లో అరుదైపోతున్నాయి.

జాంగలదేశానికి ఉన్న బలం ఇది. దాని బలహీనత కూడా ప్రాచీనులకు తెలుసు. విమానస్థానం మూడో అధ్యాయంలో ఒక సందర్భం ఉంది. పాంచాల దేశంలోని కాంపిల్య నగరం దగ్గర, గంగ ఒడ్డున, వేసవి చివరి నెలలో పునర్వసు ఆత్రేయుడు శిష్యులతో నడుస్తుంటాడు. ఉపద్రవం రాబోతోంది, నేల సారం పోకముందే మందుమొక్కలు తీసి పెట్టుకోండని చెబుతాడు. అప్పుడు అగ్నివేశుడనే శిష్యుడు చాలా గట్టి ప్రశ్న వేస్తాడు. మనుషుల ప్రకృతులు వేరు, తిండి వేరు, బలం వేరు, వయసు వేరు కదా, మరి ఒకే జబ్బు ఒకేసారి ఊళ్లకు ఊళ్లను ఎలా తుడిచిపెడుతుంది? ఆత్రేయుడి జవాబు: ఎవరెంత వేరైనా నలుగురికీ ఉమ్మడిగా ఉండేవి నాలుగున్నాయి. గాలి, నీరు, నేల, కాలం. అవి చెడితే అందరూ చెడతారు. ఏలేవాళ్లు ధర్మం తప్పితే వానలు తప్పుతాయి, ఆ తర్వాత ఇవన్నీ చెడతాయని కూడా ఆయన అన్నాడు.

మెట్టసీమలో ఆ నాలుగింటిలో మొదట తలచుకోవలసింది నీరు. ఊరికి నాలుగు చెరువులున్న చోట ఒక చెరువు చెడితే ఇంకోటి ఉంటుంది. ఊరంతటికీ ఒక్క బావి ఉన్నచోట ఆ బావే ప్రాణం, అదే గండం. నీళ్లను తేర్చే సాధనాలను సుశ్రుతుడు ఏడు చెప్పాడు. వాటిలో ఇండుప గింజ ఒకటి. చిల్లగింజ అని కూడా అంటారు. తడిపిన గింజను కుండ లోపలి వైపు అరగదీసి, బురదనీళ్లు పోసి కదపకుండా ఉంచితే, గింజలోని జిగురు బురద రేణువులను ఒకదానికొకటి అంటించి అడుగుకు దింపుతుంది. కాసేపటికి పైన తేట నీళ్లు నిలుస్తాయి. కుంట నీళ్లు తాగిన ఊళ్లలో పెద్దవాళ్లకు ఇది బాగా తెలిసిన పనే. సుశ్రుతుడి ఏడింటిలో ఇంకొకటి గుడ్డ. ఉత్త గుడ్డముక్క. దాని విలువ ఎంతో రుజువు కావడానికి దాదాపు రెండువేల ఏళ్లు పట్టింది.

ఆ రుజువు నారికురుపు రూపంలో వచ్చింది. ఇప్పటి పిల్లలకు ఆ పేరే తెలియదు. అరవై డెబ్బై ఏళ్లవాళ్లలో చాలామందికి తెలుసు. దిగుడుబావి నీళ్లలో కంటికి ఆనీ ఆనని నీటిపురుగు ఒకటుంటుంది. దాని కడుపులో నారిపురుగు పిల్లలుంటాయి. ఆ నీళ్లు తాగినవాడికి ఏడాది దాకా ఏమీ తెలియదు. ఈలోగా ఆడపురుగు ఒంట్లోనే పెరిగి పెరిగి మూర, రెండు మూరల పొడవై, కాలి చర్మం కిందికి దిగి బొబ్బ లేపుతుంది. నిప్పు పెట్టినట్టు మంట. ఆ మంటకు ఓర్చుకోలేక మనిషి నీళ్లలో కాలు పెడతాడు. ఆ క్షణమే పురుగు వేల పిల్లలను నీళ్లలోకి వదులుతుంది. దిగుడుబావి మెట్ల మీద నిలబడి కడవ ముంచుకునే ప్రతి రోగీ ఇలా తనకు తెలియకుండానే ఊరికి జబ్బు పంచినవాడయ్యాడు. వైద్యం ఒక్కటే: బయటికి వచ్చిన దారం లాంటి పురుగు కొసను చిన్న పుల్లకు చుట్టి, రోజుకు కొంచెం కొంచెంగా, తెగకుండా లాగడం. తెగిందా, కాలంతా చీము. సరిగ్గా వ్యవసాయం పనుల రోజుల్లో మనిషి వారాల తరబడి మంచాన పడతాడు. ఈ పుల్లకు చుట్టే వైద్యం ఈజిప్టులో క్రీ.పూ. 1550 ప్రాంతపు ఎబర్స్ పత్రంలోనే ఉందని వైద్యచరిత్రకారులు చెబుతారు. ఒక ఈజిప్టు మమ్మీ ఒంట్లో సున్నంలా గట్టిపడిన నారిపురుగు కూడా దొరికింది.

మూడువేల అయిదు వందల ఏళ్లు మనిషి దగ్గర పుల్ల తప్ప మందు లేదు. ఇప్పటికీ దీనికి మందు లేదు, టీకా లేదు. అయినా 1980లలో దేశం మొత్తం మీద మొదలైన నిర్మూలన కార్యక్రమం దాన్ని తుడిచేసింది. ఆంధ్రప్రదేశ్ కూడా అప్పుడు ఆ జబ్బున్న రాష్ట్రాల్లో ఒకటి. చేసిందేమిటి? దిగుడుబావుల మెట్లు మూసి చేదబావులుగా మార్చారు, చేతిపంపులు వేశారు, నీళ్లను గుడ్డతో వడకట్టి తాగమని ఇంటింటికీ తిరిగి చెప్పారు. 1996లో చివరి కేసు రాజస్థాన్‌లో నమోదైంది. 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశానికి నారికురుపు లేదని ధ్రువపత్రం ఇచ్చింది. మనిషి చరిత్రలో ఇంత పాత జబ్బును బావిగట్టు మీదే ఓడించారు.

శాతవాహన రాజుకు రాసినదని సంప్రదాయం చెప్పే రత్నావళిలో ఆచార్య నాగార్జునుడు చేసిన ఏర్పాటు ఇక్కడ గుర్తు చెయ్యాలి. నీళ్లు దొరకని దారుల్లో చలివేంద్రాలు పెట్టమని ఆయన రాజుకు చెప్పాడు. అక్కడితో ఆగలేదు. ఆ చలివేంద్రాల దగ్గర ఏమేం ఉంచాలో కూడా చెప్పాడు: చెప్పులు, గొడుగులు, నీళ్లు వడకట్టే గుడ్డలు, ముళ్లు తీసే శ్రావణాలు, సూదులు, దారం, విసనకర్రలు. ఇంకా త్రిఫలాలు, నెయ్యి, తేనె, కంటిమందు, విషానికి విరుగుడు. ఏ జబ్బుకు ఏ మందో రాసి కూడా పెట్టమన్నాడు. ముల్లు తీసే శ్రావణం గురించి ఆలోచించిన తత్వవేత్త కాలినడకన ఎండలో తిరిగిన మనిషే అయ్యుండాలి. శూన్యవాదం చెప్పినవాడిగా నాగార్జునుణ్ణి ప్రపంచమంతా చదువుతుంది. ఈ చలివేంద్రం జాబితా కోసం కూడా చదవాలి. అనంతపురం ఎండలో, కంపముళ్ల దారుల్లో గొర్రెలు తోలుకుపోయే మనిషికి ఇప్పటికీ కావలసిన సామాను ఇదే.

నీటి గండం రాజునూ రైతునూ ఒకేలా చూస్తుందనడానికి ఆ గుత్తి-పత్తికొండ దారిలోనే ఇంకో సాక్ష్యం ఉంది. దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉండి, అనంతపురాన్ని మకాంగా చేసుకున్న థామస్ మన్రో తర్వాత మద్రాసు గవర్నరు అయ్యాడు. ఇంగ్లండు తిరిగిపోయే ముందు తనకు ఇష్టమైన ఈ జిల్లాలను ఒకసారి చూసిపోదామని వచ్చాడు. 1827 జులై 6న పత్తికొండలో కలరా తగిలి, ఆ రోజే ప్రాణం విడిచాడు. గుత్తిలో పూడ్చిపెట్టి, నాలుగేళ్ల తర్వాత మద్రాసు కోటలోని చర్చికి తరలించారు. కలరా నీళ్లతో వస్తుందని లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు చూపించింది 1854లో. మన్రో పోయిన పదేళ్లకు, 1837లో ప్రిన్సెప్ అనే పండితుడు అశోకుని లిపిని చదవగలిగాడు. అంటే 1827లో ఆ గవర్నరుకు జబ్బు ఎలా వచ్చిందో చెప్పగలిగినవాళ్లూ లేరు, పక్క గుట్ట మీది వైద్యశాసనం చదవగలిగినవాళ్లూ లేరు. ఆయన జ్ఞాపకార్థం పత్తికొండలో ప్రభుత్వం చేసిన పని ఒక తోపు వేసి, మెట్లబావి కట్టించడం. చెట్టు, బావి. రెండువేల ఏళ్ల తర్వాత కూడా ఈ నేల మీద మేలు చెయ్యాలనుకున్నవాళ్లకు తోచింది అదే.

ఇక్కడితో కథ మంచిగా ముగిసిపోతే బాగుండేది. ముగియలేదు. దిగుడుబావులు పోయి చేతిపంపులు, బోర్లు వచ్చాయి. వానలు తగ్గినకొద్దీ బోర్లు లోతుకు దిగాయి. రాయలసీమ కింద ఉన్నది గ్రానైటు, దాని చుట్టాలైన గట్టి రాళ్లు. వాటిలో ఫ్లోరైడు ఉన్న ఖనిజాలుంటాయి. లోతు నీళ్లు రాతిని ఎక్కువకాలం అంటిపెట్టుకుని ఉంటాయి గనక ఫ్లోరైడు ఎక్కువగా కరిగి చేరుతుంది. ఆ నీళ్లతో వచ్చే జబ్బును మొదట పశువుల్లోనే చూశారు. 1934లో మహాజన్ అనే పరిశోధకుడు పాత హైదరాబాదు రాజ్యపు పశువుల్లో ఇలాంటి జబ్బు ఉన్నట్టు రాశాడు. 1937లో షార్ట్, ఆయన తోటివాళ్లు అప్పటి నెల్లూరు జిల్లాలో మనుషుల్లో దాన్ని ఫ్లోరోసిస్‌గా గుర్తించారు. దేశంలో అదే మొదటిసారి. మనిషికీ పశువుకూ రెండు చికిత్సలు అని ఒకే శాసనంలో చెప్పిన చూపు ఎంత సరైనదో ఇక్కడ తెలుస్తుంది. ఒకే నీళ్లు తాగే రెండు ప్రాణుల్లో ఒకదాన్ని గమనిస్తే రెండోదాన్ని కాపాడవచ్చు.

ఇది ఎముకల జబ్బు గనక ప్రాచీనుల ఎముకల లెక్క కూడా చూద్దాం. సుశ్రుతుడు ఒంట్లో ఎముకలు 300 అని లెక్కించాడు, చరకుడు 360 అన్నాడు. నేటి లెక్క 206. ఆ తేడాకు ఒక కారణం, సుశ్రుతుడు పళ్లను కూడా ఎముకల్లో ఒక రకంగా చేర్చడం. ఫ్లోరైడు సరిగ్గా ఆ రెండింటినే పట్టుకుంటుంది, పళ్లను, ఎముకలను. ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఆ నీళ్లు తాగితే వచ్చే పళ్లు సున్నం మచ్చలతో, తర్వాత గోధుమరంగు గీతలతో వస్తాయి. ఏళ్లు గడిస్తే నడుము, మెడ బిగుసుకుపోతాయి. ఈ ఫ్లోరైడుకు రంగు లేదు, వాసన లేదు. కాచితే పోదు, నీళ్లు ఆవిరైనకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. గుడ్డతో వడకట్టినా ఆగదు. పటిక, సున్నంతో తీసే నల్లగొండ పద్ధతిని 1970లలో కనిపెట్టారు. దాన్ని రోజూ పట్టించుకుని నడిపించే మనుషులు ఉన్నచోటే అది పనిచేసింది. 1990ల నడిమిలో సత్యసాయి తాగునీటి పథకం అనంతపురం జిల్లాలో ఏడు వందలకు పైగా ఊళ్లకు నీళ్లు చేర్చింది. దాన్ని వైద్యసేవగానే లెక్కించాలి. ఆ కొళాయి నీళ్లు రానిరోజు మళ్లీ బోరు దగ్గరికే పోయే ఊళ్లు ఇంకా ఉన్నాయి.

శ్రోతల్లో ఊరి సర్పంచులు, బడి పంతుళ్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆశా కార్యకర్తలు ఉంటారు. ఒక్క మనవి. బడిలో రెండో మూడో తరగతి పిల్లల్ని వరసగా నిలబెట్టి పళ్లు చూడండి. సున్నం మచ్చలు, గోధుమ గీతలు ముగ్గురు నలుగురికి కనిపించినా అనుమానించండి. దొడ్లో పశువులు ఈడు రాకముందే పళ్లు అరిగి, కుంటుతూ నడుస్తుంటే అప్పుడూ అనుమానించండి. శుభ్రమైన సీసాలో బోరునీళ్లు పట్టి, గ్రామీణ నీటి సరఫరా శాఖ ప్రయోగశాలకు పంపించండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ఫ్లోరైడు ఉందని తేలితే ఆ నీళ్లు తాగడానికీ వంటకూ వాడకండి, ముఖ్యంగా చంటిపిల్లలకూ గర్భిణులకూ. ఆ బోరు దగ్గర, అందరికీ కనబడేటట్టు, ఆ అంకెను పెద్ద అక్షరాలతో రాయించండి.